ప్లాకీయా, పొట్లమా, ఉప్పు పెంకా? తెల్ల చేపను ఓవెన్‌లో పెట్టేముందు

మొదటిసారి ఓవెన్‌లో చేప వండినప్పుడు బంగాళాదుంప చక్రాలూ చేప ముక్కలూ ఒకే ట్రేలో, ఒకేసారి పెట్టాను. ఇరవై నిమిషాలకు తీసి చూస్తే దుంప పచ్చిగానే ఉంది. ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాను. దుంప ఉడికింది కానీ చేప ఎండిపోయి పీచుపీచుగా అయింది. పిల్లలు ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతూ తిన్నారు. అప్పట్లో మేం ఏథెన్స్ పక్కన పిరేయస్‌లో ఉండేవాళ్లం, మా ఆయనది ఓడల కంపెనీలో ఉద్యోగం. పై అంతస్తులో ఉండే ఇంటావిడ ఆ ట్రే చూసి ఒక్కటే అడిగింది: "చేప మందం ఎంత?" ఏం పొడి చల్లావు, ఎంత నూనె పోశావు అని అడగలేదు. మందం ఎంత, అంతే.

ఇప్పుడు విశాఖలో, మా వంటింట్లో, ఏ చేప తెచ్చినా నేను ముందు చూసేది అదే. మధ్యధరా వంట అనగానే ఏదో ఒకటే పద్ధతి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ సముద్రం చుట్టూ ఉన్న వాళ్లు తెల్ల చేపను ఓవెన్‌లో వండే దారులు చాలా ఉన్నాయి. గ్రీసులో ఉల్లి, టమాటాల మధ్య పడుకోబెట్టి చేసే ప్లాకీ ఉంది. ఇటలీలో కాగితంలో చుట్టి కాల్చే కార్తోచ్చో, స్పెయిన్‌లో ఉప్పులో పాతిపెట్టి కాల్చే చేప, మొరాకోలో కొత్తిమీర దంచి పట్టించే పచ్చటి చెర్మూలా, లెబనాన్‌లో నువ్వుల ముద్దతో చేసే సమకె హర్రా. పైకి ఎంత వేరుగా కనిపించినా వీటి మధ్య అసలు తేడా ఒక్కచోటే ఉంది: చేపలోని తడిని కాపాడే పని ఎవరికి అప్పగించాం? గ్రేవీకా, కాగితానికా, ఉప్పుకా, లేక ఎవరికీ కాదా?

మన పులుసులో ఈ ప్రశ్నే రాదు. ముక్క చుట్టూ పులుసు ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువైనా కొంప మునగదు. ఓవెన్‌లో ఉండేది పొడి వేడి. పైగా తెల్ల చేపలో కొవ్వు బహు తక్కువ. కాడ్ లాంటి చేపలో నూరు గ్రాములకు ఒక గ్రాము కూడా ఉండదు. తనను తాను కాపాడుకునే నూనె దాని దగ్గర లేదు. అందుకే ఆలివ్ నూనె ఇక్కడ రుచి కోసమే కాదు, అవసరం కోసం కూడా.

ముందు చేప తేలాలి

వంటకం నిర్ణయించుకుని చేప కోసం వెతకడం కన్నా, దొరికిన చేపను చూసి వంటకం ఎంచుకోవడం మంచిది. పిరేయస్ చేపల బజారులో ఆడవాళ్లు చేసేదీ అదే.

మన తీరంలో ఈ వంటలన్నిటికీ సరిపోయే చేప ఒక్కటి చెప్పమంటే పండుగప్ప అంటాను. కోల్‌కతాలో భెట్కీ అనేదీ, ఆస్ట్రేలియాలో బారముండీ అనేదీ ఇదే. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచుతున్నారు కాబట్టి దొరకడం కష్టం కాదు. గ్రీకులు లవ్రాకి అని పిలిచే సీబాస్, పండుగప్ప ఒక జాతి కాదు, ఒక కుటుంబం కూడా కాదు. కానీ ఓవెన్‌లో రెండూ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి: తెల్లటి కండ, పెద్ద రేకులుగా విడిపోతుంది, ముళ్లు తక్కువ, కొంచెం కొవ్వు ఉంది కాబట్టి ఒకటి రెండు నిమిషాల పొరపాటును ఓర్చుకుంటుంది.

చందువా రుచిలో దేనికీ తీసిపోదు, కానీ పలుచని చేప. దాన్ని మూడు నాలుగు వందల గ్రాముల సైజులో నిండుగా తెచ్చి, రెండు పక్కలా గాట్లు పెట్టి, తెరిచిన ట్రేలో పావుగంట పైచిలుకు కాల్చడమే సబబు. గ్రేవీలో వేస్తే దాని సున్నితమైన రుచి టమాటా కింద మునిగిపోతుంది. వంజరం నిజానికి ఈ తెల్ల చేపల వరసలోది కాదు, కండ గట్టిది, నూనె ఎక్కువ. అయినా చక్రాలుగా కోయించి ప్లాకీలో వేస్తే బాగుంటుంది. తెరిచిన ట్రేలో మాత్రం ఎండిపోతుంది. తెలంగాణ వాళ్లకు కొరమీను ఉంది, అది వాళ్ల రాష్ట్ర చేప కూడా. గట్టి కండ, ముల్లు తక్కువ, గ్రేవీలో విడిపోదు. కొరమీనుతో ప్లాకీ చేసి నేను ఎప్పుడూ నిరాశపడలేదు.

బొచ్చె, శీలావతి ఈ పనికి వద్దు. వాటి కండలో రెండు కొమ్మల సన్న ముళ్లు దాగి ఉంటాయి. పులుసులో చేత్తో ఏరుకుంటూ తినే ఓపిక మనకు ఉంది కానీ, ఓవెన్‌లో మెత్తబడిన ముక్కలో ఆ ముళ్లు ఎక్కడున్నాయో తెలియదు. పిల్లలు తినే విందులో ఆ భయం పెట్టుకోవద్దు.

గడ్డకట్టించి అమ్మే బాసా చవక, ముల్లు ఉండదు, నీసు వాసన తక్కువ. కానీ అందులో నీరు ఎక్కువ. తెరిచిన ట్రేలో పెడితే పది నిమిషాల్లో ట్రే నిండా తెల్లటి నీళ్లు తేలతాయి, చేప కాలకుండా ఉడుకుతుంది. బాసా తప్ప వేరే దొరకనప్పుడు రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, శుభ్రమైన గుడ్డతో బాగా అద్ది, కాగితం పొట్లంలో గానీ చిక్కటి టమాటా ముద్దలో గానీ వండండి. తిలాపియా పలుచగా ఉంటుంది, ఎనిమిది పది నిమిషాల్లో అయిపోతుంది. చెరువు చేపలకు ఒక్కోసారి ఉండే మట్టి వాసన పులుపు తగిలితే తగ్గుతుంది కాబట్టి, తిలాపియాకు నిమ్మరసం ఉన్న చెర్మూలా నప్పుతుంది.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు కాడ్, హాడక్, హేక్ సులువుగా దొరుకుతాయి. కాడ్ మధ్యధరా చేప కాదు, అట్లాంటిక్‌ది. అయినా ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ శతాబ్దాలుగా ఆ తీరానికి చేరి అక్కడి వంటలో కలిసిపోయింది. గ్రీసులో మార్చి 25న ఇంటింటా దాన్నే వేయించి, వెల్లుల్లి ముద్దతో తింటారు. తాజా కాడ్ కొనేటప్పుడు తోక వైపు ముక్కలు కాక నడుము ముక్కలు అడగండి. తోక ముక్క ఒక చివర మందంగా, ఇంకో చివర కాగితంలా ఉంటుంది. అలాంటిదే కొనాల్సి వస్తే పలుచని చివరను కిందకు మడిచి పెట్టండి.

ప్లాకీ: మన చేతికి తొందరగా అలవాటయ్యేది

ఓవెన్ వంట కొత్తవాళ్లు ఏది ముందు చేయాలని అడిగితే నా జవాబు ప్లాకీయే. కారణం రుచి ఒక్కటే కాదు. ఈ వంటలో మన చేతికి తెలిసిన పని సగం ఉంది.

నలుగురికి ఎనిమిది వందల గ్రాముల నుంచి కిలో దాకా చేప కావాలి, రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల మందం ముక్కలు. మూడు పెద్ద ఉల్లిపాయలు నిలువుగా సన్నగా తరగాలి. అర కప్పు ఆలివ్ నూనెలో సన్న సెగ మీద పదిహేను నిమిషాలు మగ్గనివ్వాలి, రంగు మారకూడదు, తీపెక్కాలి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర కిలో పండు టమాటాలు, ఉప్పు, మిరియాలు వేసి ఇంకో పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. ఎప్పటిదాకా అంటే, నూనె పైకి తేలేదాకా. మన ఇగురుకు మనం చూసే గుర్తే గ్రీకు వంటలోనూ గుర్తు. నీరంతా ఇంకి "తన నూనెతో మిగలాలి" అంటారు వాళ్లు. ఇంటావిడ ఆ మాట చెప్పి గరిటెతో గిన్నె అంచున తేలిన నూనె చూపించినప్పుడు నాకు మా అమ్మ వంటిల్లు కళ్ల ముందు కదిలింది.

ఈ ముద్దలో సగం ట్రేలో పరిచి, ఉప్పు రాసిన చేప ముక్కలు పెట్టి, మిగతా సగం పైన కప్పి, టమాటా చక్రాలు అమర్చి, 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నుంచి పాతిక నిమిషాలు. చివర గుప్పెడు పార్స్లీ, అంటే కొత్తిమీరలా కనిపించే ఆకు. కొందరు వైన్ పోస్తారు, పోయకపోయినా లోటు ఉండదు. ఇంటావిడ పోసేది కాదు. బయటికి తీశాక పావుగంట అలాగే వదిలేయాలి. పొగలు కక్కుతుంటే తినే వంట కాదిది, గోరువెచ్చగా ఉన్నప్పుడే దీని రుచి తెలుస్తుంది.

దీని బలం క్షమాగుణం. గ్రేవీ చుట్టూ ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా చేప పాడవదు. అతిథులు ఆలస్యంగా వచ్చినా కంగారు పడక్కర్లేదు. దీని బలహీనత కూడా అక్కడే ఉంది: చాలా మంచి చేపను, పొద్దున్నే హార్బర్‌లో దిగిన చేపను ఇందులో వేస్తే ఆ తాజాదనం సగం టమాటాకే పోతుంది. ప్లాకీకి మధ్యస్థంగా ఉన్న చేప చాలు.

మసాలా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉల్లి, టమాటా మగ్గుతుంటే చెయ్యి దానంతటదే పసుపు, ధనియాల పొడి, గరం మసాలా వైపు వెళ్తుంది. వెళ్లనివ్వకండి. అవి వేస్తే చెడ్డ వంట అవుతుందని కాదు, మనకు తెలిసిన ఇగురే అవుతుంది. ఇగురు కావాలంటే పొయ్యి మీద అంతకన్నా బాగా వస్తుంది. కారం లేనిదే ముద్ద దిగని వాళ్లు ఇంట్లో ఉంటే ప్లాకీని మార్చకండి, కింద చెప్పబోయే సమకె హర్రా చేయండి. అక్కడ కారం సహజంగానే ఉంది.

దుంపలతో ట్రే

చేప, బంగాళాదుంప, ఆలివ్ నూనె, నిమ్మ, ఒరెగానో అనే ఘాటైన ఎండు ఆకు. గ్రీకు ఇళ్లలో తరచూ కనిపించేది ఇదే. ఇటలీలో పూల్యా ప్రాంతంలో దుంపల పొరల మధ్య చేప పెట్టి పైన పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ తురుముతారు. ఒకే ట్రేలో భోజనం మొత్తం అయిపోతుంది. కానీ నేను మొదట చేసిన తప్పు ఇందులోనే ఉంది. దుంపకు నలభై నిమిషాలు కావాలి, చేపకు పన్నెండు. ఈ తేడాను దాటడానికి రెండు దారులున్నాయి: దుంపలను ముందే నూనె, ఉప్పు, కాస్త నీళ్లు కలిపి ముప్పై నిమిషాలు ఓవెన్‌లో ఉంచి, అంచులు ఎర్రబడ్డాక చేప పైన పెట్టడం ఒకటి. చక్రాలను ఉప్పునీళ్లలో ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, వార్చి, తర్వాత ట్రేలో వేయడం రెండోది. మొదటిదాంతో రుచి ఎక్కువ, రెండోదాంతో సమయం కలిసొస్తుంది. వారం మధ్యలో అయితే రెండోదే చేస్తాను.

నిమ్మ విషయంలో ఒక జాగ్రత్త. బొమ్మల్లో చేప కింద నిమ్మ చక్రాలు అందంగా పరిచి కనిపిస్తాయి. అవి మందపు తొక్క ఉన్న పసుపు నిమ్మకాయలు. మన చిన్న నిమ్మకాయను అలా చక్రాలు కోసి కాలిస్తే చేదు దిగుతుంది. మూడు వంతుల ఆలివ్ నూనెకు ఒక వంతు నిమ్మరసం, చిటికెడు ఉప్పు, ఒరెగానో సీసాలో వేసి బాగా గిలకొట్టి, చేప బయటికి తీశాక పోయండి. గ్రీకులు దీన్ని లాదోలెమోనో అంటారు. నూనె, నిమ్మ అని అర్థం. నన్నడిగితే తాజా చేపకు ఇంతకు మించిన తోడు లేదు.

కాగితం పొట్లం

చేప ముక్క, రెండు చెర్రీ టమాటాలు, నాలుగు ఆలివ్‌లు, కాసిన్ని కేపర్లు (ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పూమొగ్గలు), చెంచాడు నూనె. బేకింగ్ కాగితంలో పెట్టి అంచులు బిగించి మడిచి 200 డిగ్రీల దగ్గర పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. చేప తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. ఒక్కరికో ఇద్దరికో వండుకునేటప్పుడు దీనికి సాటి లేదు. ట్రే తోమే పని కూడా ఉండదు. ఒకరికి కారం, ఒకరికి చప్పిడి కావాలంటే పొట్లానికో రకం చేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఉప్పు తగ్గించి పెట్టాల్సి వస్తే నేను దీన్నే ఎంచుకుంటాను.

లోపం ఏమిటంటే చేప పైన ఎర్రటి రంగు, కాలిన వాసన రావు. అవి కావాలనుకునేవాళ్లకు ఇది ఆవిరి కుడుములా అనిపిస్తుంది. ఇంకోటి, లోపల ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. మన దుకాణాల్లో బటర్ పేపర్ పేరుతో అమ్మేదంతా ఓవెన్ వేడికి ఆగదు. ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో పెట్టె మీద రాసి ఉన్నదే కొనండి. అల్యూమినియం రేకు వాడేటప్పుడు నిమ్మరసం, టమాటా దానికి నేరుగా తగలకుండా లోపల కాగితం పరవండి.

ఉప్పు పెంకు

స్పెయిన్ ఆగ్నేయ తీరంలో, ముర్సియా వైపు చేపను నిండుగా ఉప్పులో పాతిపెట్టి కాలుస్తారు. వినగానే చేప ఉప్పుకషాయం అయిపోతుందని భయం వేస్తుంది. అలా జరగదు. పొలుసు, చర్మం అడ్డు ఉంటాయి కాబట్టి లోపలి కండకు సరిపడా ఉప్పే దిగుతుంది. తడి ఉప్పు ఓవెన్‌లో గట్టిపడి పెంకులా మారి లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు.

కిలో చేపకు రెండు కిలోల దాకా కల్లుప్పు పడుతుంది. ఖర్చు గురించి ఆలోచించక్కర్లేదు, మన దగ్గర కల్లుప్పు చవకే. రెండు గుడ్ల తెల్లసొన గానీ కాసిని నీళ్లు గానీ కలిపి తడి ఇసుకలా చేసుకోవాలి. అడుగున ఒక పొర, దాని మీద చేప, పైన మిగతా ఉప్పు. 200 డిగ్రీలకు కాస్త పైన పాతిక నుంచి ముప్పై నిమిషాలు. బయట ఐదు పది నిమిషాలు ఆగి, గరిటె వెనక వైపుతో పెంకు పగలగొట్టి, చర్మం తీసేసి వడ్డించాలి.

దీనికి ఒక షరతు: పొలుసు తీయకూడదు. మన బజారులో చేప చేతికివ్వగానే పొలుసు తీసి, పులుసు ముక్కలుగా కోసేస్తారు, అలవాటు కొద్దీ. తూకం వేయకముందే చెప్పాలి: "పొలుసు ఉంచండి, పొట్ట మాత్రం చిన్నగా కోసి శుభ్రం చేయండి, మొప్పలు తీసేయండి." పొట్ట పెద్దగా చీరితే అటునుంచి ఉప్పు లోపలికి పోతుంది. ముక్కలకు ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. చందువాకు కూడా వద్దు, దాని పొలుసు నామమాత్రం.

నాకు ఎంతో ఇష్టమైన వంట ఇది. కానీ ఏడాదికి రెండు మూడుసార్లే చేస్తాను. చేప చాలా తాజాగా ఉండాలి. పక్కన గ్రేవీ లేదు, మసాలా లేదు, నిన్నటి చేప అయితే ఆ సంగతి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. పెద్ద పండుగప్ప పొద్దున్నే దొరికి, ఇంటికి చేపంటే ప్రాణం పెట్టే మనుషులు వస్తున్నప్పుడు చేయండి.

చెర్మూలా, సమకె హర్రా: కొత్తిమీర ఉన్న ఇంటికి

గ్రీకు, ఇటలీ వంటలకు పార్స్లీ కావాలి. మన ఊళ్లలో అది అన్నిచోట్లా దొరకదు. దాని బదులు కొత్తిమీర వేయమని చాలామంది సలహా ఇస్తారు. రెండూ ఒకే కుటుంబం మొక్కలే కానీ రుచి వేరు. కొత్తిమీర వేసిన ప్లాకీ నాకు నచ్చలేదు. ఇంట్లో ఉన్నది కొత్తిమీరే అయితే, కొత్తిమీర సొంతంగా ఉన్న వంటకమే ఎంచుకోండి. మధ్యధరా దక్షిణ, తూర్పు తీరాల్లో అలాంటివి ఉన్నాయి.

మొరాకో చెర్మూలాలో పెద్ద గుప్పెడు కొత్తిమీర, ఉంటే కాస్త పార్స్లీ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర పొడి, చెంచా పాప్రికా, నిమ్మరసం, నాలుగు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, ఉప్పు ఉంటాయి. పాప్రికా లేకపోతే రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే బ్యాడగి మిరపపొడి సరిపోతుంది. దంచి చేపకు పట్టించి అరగంట, మహా అయితే గంట. అంతకన్నా ఎక్కువ ఊరితే నిమ్మరసానికి చేప పైన కండ గట్టిపడుతుంది. సగం చెర్మూలా దాచుకుని చివర్లో పైన వేస్తే పచ్చి వాసన బాగుంటుంది. మొరాకోలో ఉప్పులో ఊరబెట్టిన నిమ్మకాయ తొక్క కూడా వేస్తారు. దానికోసం దుకాణాలు తిరగక్కర్లేదు. నిమ్మకాయ ఊరగాయ పెట్టేటప్పుడు కారం కలపక ముందు ఉప్పులో ఊరుతుండే కాయలు ఉంటాయి కదా, వాటిలో ఒకటి తీసి, కడిగి, గుజ్జు వదిలేసి, తొక్క సన్నగా తరిగి వేయండి. ఆ వంటకూ మన జాడీకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిశాక నేను ఏటా నాలుగు కాయలు కారం కలపకుండా పక్కన పెడుతున్నాను.

సమకె హర్రా అంటే కారం చేప అని అర్థం. లెబనాన్ ఉత్తర తీరంలోని ట్రిపోలీ వంట. కాల్చిన చేప మీద నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, కొత్తిమీర, మిరప, అక్రోట్లు కలిపిన చిక్కటి సాస్ పోస్తారు. నువ్వుల ముద్దలో నిమ్మరసం పడగానే గట్టిపడి విరిగినట్టు అవుతుంది, బెదరకండి. చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే వెన్నలా సర్దుకుంటుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులే వాడాలి, వాటిని వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి, లేకపోతే చేదు.

ఇంక ఒరెగానో సంగతి. ఎండినది దుకాణాల్లో దొరుకుతుంది. పెరట్లో వామాకు ఉన్నవాళ్లు ఒకటి రెండు లేత ఆకులు తరిగి వేయొచ్చు. రెండింటి ఘాటుకూ మూలమైన సుగంధ పదార్థం ఒకటే, కార్వక్రాల్. ఎక్కువ వేస్తే మాత్రం చేపకు జలుబు మందు వాసన వస్తుంది.

ఏ పొయ్యి?

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు పొయ్యి) ఉన్నవాళ్లకు ఏ పద్ధతైనా కుదురుతుంది, చేప పడితే. కిలో పండుగప్ప నలభై సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, చిన్న ఓటీజీలో తోక బయట ఉండిపోతుంది. చేప కొనేముందు ట్రే కొలుచుకోండి, లేదా అర కిలోవి రెండు తెచ్చుకోండి. పదిహేను నిమిషాలు ముందు వేడి చేయడం మానొద్దు. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ప్లాకీ, పొట్లం బాగా వస్తాయి. ఎయిర్ ఫ్రయర్ గాలి బలంగా కొడుతుంది కాబట్టి చెర్మూలా పట్టించిన మందపాటి ముక్కలకు సరే, పొట్లానికి కాదు, కాగితం ఎగిరి వేడి కడ్డీకి తగిలే ప్రమాదం ఉంది.

ఓవెన్ లేనివాళ్లు ఏదో ఒకలా ఓవెన్ వంట చేయాలని అవస్థ పడక్కర్లేదు. నేపుల్స్ జాలర్ల ఆక్వా పాత్సా ఉంది. పేరుకు అర్థం పిచ్చి నీళ్లు. వెడల్పాటి మూకుడులో ఆలివ్ నూనె, వెల్లుల్లి, చిదిమిన చిన్న టమాటాలు, ఒక గ్లాసు నీళ్లు మరగనిచ్చి, చేప పెట్టి మూత వేస్తే పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఎప్పుడు తీయాలి

వంటవాళ్లలో పాత లెక్క ఒకటుంది, కెనడా పద్ధతి అంటారు: 200 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో, చేప బాగా మందంగా ఉన్నచోట అంగుళానికి పది నిమిషాలు. గ్రేవీలోనో పొట్లంలోనో ఉంటే ఇంకో ఐదు కలపాలి. కచ్చితమైన సూత్రం కాదు గానీ మొదలుపెట్టడానికి చాలు. ఆ తర్వాత కళ్లతో చూడండి. గాజులా కనిపించే కండ పాల తెలుపులోకి మారి, ఫోర్కుతో నొక్కితే రేకులుగా విడిపోవాలి. నడుమ ముల్లు దగ్గర కొద్దిగా మెరుపు ఉండగా తీస్తే మిగతాది బయట పూర్తవుతుంది. వంట థర్మామీటర్ ఉంటే లోపలి వేడి 63 డిగ్రీలు అమెరికా ఆహార భద్రతా ప్రమాణం. గర్భిణులకూ, చిన్నపిల్లలకూ, ఒంట్లో బాగాలేని వాళ్లకూ వండేటప్పుడు అంతకు తగ్గించొద్దు.

నూనె విషయంలో సందేహం అక్కర్లేదు, ఎక్స్‌ట్రా వర్జిన్ కొనండి. చవకగా వస్తుందని పోమేస్ రకం, అంటే ఆలివ్ పిప్పి నుంచి తీసిన నూనె, తెస్తే ఈ వంటలో సగం రుచి పోయినట్టే, ఎందుకంటే ఇక్కడ మసాలా లేదు, నూనే మసాలా. పెద్ద డబ్బా కాక చిన్న ముదురు రంగు సీసా కొని తొందరగా వాడేయండి.

ఆరోగ్యం కోసమే ఈ వంట మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట: తెల్ల చేప తేలిగ్గా అరుగుతుంది, మంచి మాంసకృత్తులు ఉంటాయి. కానీ ఒమేగా-3 కొవ్వులు దండిగా ఉండేది కవళ్లలో. వాటిని కూడా ఇదే చెర్మూలాతో ఓవెన్‌లో పది నిమిషాలు కాల్చుకోవచ్చు, ఖర్చు కూడా తక్కువ.

పక్కన ఏం పెట్టాలి

ప్లాకీ పక్కన గట్టి పెంకు ఉన్న రొట్టె పెడతారు, ట్రేలో మిగిలిన నూనె అద్దుకోవడానికి. మా ఇంట్లో ఆ గ్రేవీ వేడి అన్నంలోకే పోతుంది, దానికి నేను అడ్డు చెప్పను. అన్నమే అసలు భోజనం అనుకునే రోజున సమకె హర్రా, చెర్మూలా బాగా కలుస్తాయి. ఉప్పు పెంకు చేపకు మాత్రం అన్నం వద్దు, ఉడికించిన దుంపలూ లాదోలెమోనో చాలు.

ఆకుకూర ఒకటి తప్పక ఉండాలి. గ్రీసులో వేసవిలో చేప పక్కన వ్లీటా అనే ఆకు ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెడతారు. మొదటిసారి ఆ పళ్లెం చూసి ఇది మా తోటకూరే అన్నాను. నిజంగానే తోటకూర జాతి మొక్క. కాడలతో సహా ఉప్పు నీళ్లలో మెత్తగా ఉడికించి, నీళ్లు ఓడ్చి, తాలింపు లేకుండా అలా తిని చూడండి. బెండకాయలు కూడా చేపతో ఒకే ట్రేలో పెట్టే ఇళ్లు అక్కడ ఉన్నాయి. జిగురు రాకుండా కాయల మీద ఉప్పు, వెనిగర్ చల్లి కాసేపు ఎండలో పెడతారు.

మిగిలితే ప్లాకీ ఒక్కటే మర్నాటికి బాగుంటుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, తినడానికి అరగంట ముందు బయట పెట్టండి, మళ్లీ వేడి చేయొద్దు. మిగతావి మనిషికి రెండు వందల గ్రాముల లెక్కన కొలిచి ఆ పూటకే వండండి.